మాంజా కోసిన వేలు, పెద్ద నానమ్మ మతిమరుపు

చింటూకి, అమ్ములుకి,

తాత రాస్తున్నాడు. ఫోన్లో చెప్పేదానికి ఉత్తరం ఎందుకని మీ నాన్న నవ్వుతాడు. నవ్వనీ. సంక్రాంతికి మీరు వచ్చినప్పుడు మేడమెట్ల మీద అడిగిన ప్రశ్నకి సగం జవాబే చెప్పాను. మిగతా సగం అప్పటినుంచి బుర్రలో తిరుగుతోంది.

గుర్తుందిగా? చింటూ, నీ చూపుడు వేలు మాంజాకి తెగింది. నువ్వు అరిచేలోపే పెద్ద నానమ్మ కుర్చీలోంచి లేచొచ్చి, కొంగుతో వేలు నొక్కి పట్టుకుంది. ఐదు నిమిషాలు వదల్లేదు. వదిలేసరికి రక్తం ఆగింది. అప్పుడు నీ ముఖంలోకి చూసి, "ఎవరి పిల్లాడివి నాయనా?" అంది. నువ్వు బిక్కమొహం వేశావు. అమ్ములు కిందికి దిగుతూ నా చెవిలో అడిగింది: "తాతా, రక్తం గడ్డకట్టేవాళ్లకి మతిమరుపు వస్తుందని వీడియోలో చెప్పారు. మరి అన్నయ్యది గడ్డకట్టింది కదా?"

ముందు భయం తీరుస్తాను. అన్నయ్య వేలి మీద గడ్డకట్టడం మంచిదే. గడ్డకట్టకపోతేనే ప్రమాదం. కానీ ఆ వీడియోలో మాట పూర్తిగా గాలి కబురు కూడా కాదు. అందుకే ఈ ఉత్తరం.

నేను 32 ఏళ్లు రక్త పరీక్షల ల్యాబ్‌లో పనిచేశానని మీకు తెలుసు. అక్కడ నాకు బాగా ఇష్టమైన పరీక్ష ప్రోత్రాంబిన్ టైమ్, అంటే రక్తం గడ్డకట్టడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడటం. ఇప్పుడు మెషీన్ చేసేస్తోంది, నేను చేరిన కొత్తలో చేత్తో చేసేవాళ్లం. నీలం మూత ట్యూబులో రక్తం తీస్తాం. అందులో ముందే కొంచెం సిట్రేట్ ద్రావణం ఉంటుంది. అది రక్తంలోని కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. కాల్షియం చేతికి అందకపోతే రక్తం గడ్డకట్టలేదు. ఆ ట్యూబును మెషీన్‌లో గిర్రున తిప్పితే ఎర్రకణాలు అడుక్కి దిగి, పైన లేత పసుపు ప్లాస్మా తేరుకుంటుంది. ఆ తేటని 37 డిగ్రీల నీళ్లలో ఉంచి, కాల్షియం కలిసిన మందు వేసి, స్టాప్‌వాచ్ నొక్కి, ట్యూబును మెల్లగా వంచుతూ లైటుకి ఎదురుగా పట్టుకుని చూడాలి. ఐదు సెకన్లు, ఎనిమిది, పది. నీళ్లలా అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది. పన్నెండో సెకను దగ్గర ఉన్నట్టుండి ఒక తెల్లటి పోగు కనబడుతుంది. మరుక్షణం మొత్తం జున్నులా నిలబడిపోతుంది. కొన్ని వేలసార్లు చూసుంటాను, ఒక్కసారీ విసుగు పుట్టలేదు.

ఆ పోగు పేరు ఫైబ్రిన్. మామూలప్పుడు అది ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్ రూపంలో, నీళ్లలో చక్కెర కరిగినట్టు రక్తంలో కరిగి ఉంటుంది. దాన్ని తయారుచేసేది కాలేయం. డెసిలీటరు ప్లాస్మాలో 200 నుంచి 400 మిల్లీగ్రాములు ఉంటే మామూలు. ఎక్కడైనా తెగితే గడ్డకట్టించే ప్రొటీన్లు ఒకదాన్నొకటి తట్టి లేపుతాయి. చివరికి త్రాంబిన్ లేచి ఫైబ్రినోజెన్ కొసలు కత్తిరిస్తుంది. కొసలు తెగిన ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని పోగులై, వలలా అల్లుకుంటాయి. గడ్డకట్టించేవాటికి 1 నుంచి 13 వరకు నంబర్లున్నాయి గానీ ఆరో నంబరు లేదు. ఆరోదనుకున్నది ఐదోదే వేషం మార్చుకుని వచ్చిందని తర్వాత తేలింది! పుండు మానాక ఆ వలని ప్లాస్మిన్ అనే ఇంకొకటి కొరికి కరిగించేస్తుంది. అలా కొరికిన ముక్కల్ని కొలిచే పరీక్షే డి-డైమర్. కరోనా రోజుల్లో ఈ పేరు వినని ఇల్లు లేదు.

అంటే ఒంట్లో వల అల్లేవాళ్లూ ఉన్నారు, విప్పేవాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ పొత్తు కుదిరినంతకాలం గొడవ లేదు.

ఇక మెదడు సంగతి. మనిషి మెదడులో రక్తనాళాలన్నీ విప్పి వరసగా పరిస్తే సుమారు 600 కిలోమీటర్లు వస్తాయంటారు. ఇక్కణ్నుంచి విశాఖపట్నం దాకా అనుకోండి. వాటిలో చాలామటుకు వెంట్రుక కంటే సన్నటివి. వాటి గోడలు మహా గట్టివి, రక్తంలో తిరిగే ప్రతిదాన్నీ మెదడులోకి రానివ్వవు. ఫైబ్రినోజెన్‌కి కూడా అక్కడ ప్రవేశం లేదు. వయసు మీదపడి, దానికి తోడు బీపీ, షుగరు, సిగరెట్టు ఉంటే రెండు రకాల ఇబ్బందులొస్తాయి. ఒకటి, సన్నటి నాళం మూసుకుపోయి దాని అవతల ఉన్న కాస్త చోటు ఎండిపోతుంది. రెండోది, గోడ వదులై ఫైబ్రినోజెన్ లోపలికి కారుతుంది. మెదడులో చెత్త ఊడ్చే కణాలు, మైక్రోగ్లియా అంటారు, దాన్ని చూడగానే శత్రువు వచ్చాడనుకుని రెచ్చిపోయి పక్కనున్న మంచి నరాల్ని కూడా పాడుచేస్తాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లాడ్‌స్టన్ ఇన్‌స్టిట్యూట్స్‌లో కాటెరినా అకాసోగ్లూ బృందం ఎలుకల్లో దీన్ని చూపించింది. న్యూయార్క్‌లో సిడ్నీ స్ట్రిక్‌లాండ్ బృందం ఇంకోటి గమనించింది. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే పదార్థం ఫైబ్రినోజెన్‌తో జట్టుకడితే, ఆ గడ్డ తొందరగా కరగదట.

మరి మనుషుల్లో? నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో 55 దాటిన వేలమందిని ఏళ్ల తరబడి గమనించారు. రక్తంలో ఫైబ్రినోజెన్ ఎక్కువ ఉన్నవాళ్లకి తర్వాత డిమెన్షియా, అంటే మతి తప్పే జబ్బు, వచ్చే అవకాశం కొంత ఎక్కువని 2005లో రాశారు. అమ్ములు చూసిన వీడియో ఇలాంటివాటి మీద ఆధారపడి చేసిందే అయ్యుంటుంది.

ఇక్కడ కొంచెం ఆగండి. మన హైదరాబాద్‌లో బోనాలొస్తే వాన పడుతుంది. బోనాల వల్ల వాన పడిందా? రెండూ ఆషాఢంలో వస్తాయి, అంతే. ఫైబ్రినోజెన్ కూడా అలాంటిదే కావచ్చు. వయసు పెరిగినా, ఒళ్లు పెరిగినా, పొగ తాగినా, ఒంట్లో ఎక్కడ వాపున్నా అది పెరుగుతుంది. డాక్టర్లు ఈఎస్సార్ పరీక్ష రాస్తారే, అందులో అంకె పెరగడానికి ఒక పెద్ద కారణం ఇదే. ఫైబ్రినోజెన్ ఎక్కువైతే ఎర్రకణాలు నాణేల దొంతరల్లా అతుక్కుని త్వరగా కిందికి దిగుతాయి. పెరిగిన అంకె మతిని చెడగొడుతోందా, లేక రెండింటినీ వెనకనుంచి ఇంకేదో ఆడిస్తోందా అన్నది ఇంకా తేలని లెక్క. కొంత ఇదీ, కొంత అదీ అని నా అనుమానం.

అయితే రక్తం పల్చబడే గోలీ వేసుకుంటే సరిపోతుంది కదా అంటావు చింటూ. మీ తాత కూడా సరిగ్గా అలాగే అనుకున్నాడు. మూడేళ్ల కిందట ఇందిరా పార్కులో వాకింగ్ మిత్రుడొకాయన చెప్పాడని రోజుకో ఆస్ప్రిన్ మొదలుపెట్టాను. డాక్టర్ని అడగలేదు. నెల తిరక్కుండానే కడుపులో మంట, తర్వాత విరేచనం తారులా నల్లగా. లోపల రక్తం కారుతోందని ల్యాబ్ మనిషికి తెలియదా? తెలుసు. అయినా మీ నానమ్మ తిడుతుందని రెండు రోజులు దాచాను. చివరికి డబుల్ తిట్లు పడ్డాయి. తీరా చూస్తే ఈ సంగతి అప్పటికే తేలిపోయింది. ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19 వేలమందికి పైగా ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల మీద పరీక్ష చేస్తే ఆస్ప్రిన్ డిమెన్షియాని ఆపలేదు, రక్తస్రావాలు మాత్రం పెంచింది. గుండె లయ తప్పినవాళ్లకి డాక్టర్ రాసే మందుల కథ వేరు. అవి పక్షవాతం ముప్పుని తగ్గిస్తాయి, వాటిని సొంతంగా మానకూడదు.

పెద్ద నానమ్మ విషయానికొస్తే, ఆమెకి పదేళ్లు బీపీ ఉన్నా గోలీ సరిగ్గా వేసుకోలేదు. "నాకేం బాగానే ఉన్నా" అనేది, మేమూ ఊరుకున్నాం. ఆ తప్పు నాది. స్కాన్‌లో మెదడు నిండా చిన్న చిన్న తెల్ల మచ్చలున్నాయి. సన్నటి నాళాలు దెబ్బతిన్న గుర్తులని డాక్టరమ్మ వేలు పెట్టి చూపించింది. మన దేశంలో 60 దాటిన ప్రతి వందమందిలో ఏడుగురికి పైగా డిమెన్షియా ఉందని 2023లో లెక్క వచ్చింది. అంటే మన గల్లీలో కూడా ఇంకెవరో ఉండి ఉంటారు, పైకి చెప్పరు.

ఒక్క సంగతి మాత్రం నాకు భలే ముచ్చటేస్తుంది. మన నిమ్స్ ఆస్పత్రిలోనే సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి 2013లో ఒక విషయం చెప్పింది. రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లకి జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైందట. చదువురాని వాళ్లలో కూడా ఆ ఆలస్యం కనిపించింది. మన ముసలావిడ బడి మొహం చూడకపోయినా ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ. నా పేరు మరిచిపోయిన రోజున కూడా తోపుడుబండి ఖాజా భాయ్‌తో "ఇత్నా నక్కో" అని టమాటాలకి బేరమాడింది.

అమ్ములూ, నువ్వు ఇంకోటి అడిగావు, తను మరిచిపోతున్నానని ఆమెకి తెలుసా అని. కొన్నిసార్లు తెలుస్తుంది. మొన్న సాయంత్రం చీర కొంగుకి ముడి వేసుకుని కూర్చుంది. ఏదో గుర్తుంచుకోవాలని వేసుకుందట, ఏదో గుర్తురాలేదు. నేను ముడి విప్పి చూశాను. రెండు పది రూపాయల నోట్లు మడత పెట్టి ఉన్నాయి. అప్పుడు తేరుకుని, "7జెడ్ బస్సు వచ్చిందారా?" అంది. ఆ పాత డబుల్ డెక్కర్ ఎప్పుడో ఆగిపోయింది. ఇంకా రాలేదమ్మా అని, నోట్లు మళ్లీ కొంగులోనే కట్టి, పక్కన కూర్చున్నాను.

వేసవి సెలవులకి రండి. చింటూ, వేలి మీద పెచ్చు గోకకు.

మీ తాత
చిక్కడపల్లి, హైదరాబాద్