ఇద్దరు చాలన్నారు, ఇప్పుడు ముగ్గురంటున్నారు: మన ఇళ్లలో ‘ఆపరేషన్’ వెనక కథ

మా అమ్మకి ఆపరేషన్ అయ్యేనాటికి 23 ఏళ్లు. తమ్ముడు పుట్టిన రెండు నెలలకి, మా ఊరి హైస్కూల్లో పెట్టిన క్యాంపులో చేశారు. ఆ రోజు గురించి ఎప్పుడు చెప్పినా అమ్మ మొదట చాప సంగతే చెబుతుంది. చాప, దుప్పటి ఇంటి నుంచే తెచ్చుకోమన్నారట, తరగతి గదిలో బెంచీలు గోడవారకి జరిపి, ఆపరేషన్ అయినవాళ్లని అయినట్టే వరసగా ఆ చాపల మీద పడుకోబెట్టారట, పక్కచాప మీదావిడ మత్తు దిగక తన పిల్లాడి పేరు పెట్టి పిలుస్తూనే ఉందట. నిన్ను ఎవరైనా అడిగారా అమ్మా, నీకిష్టమేనా అని, అంటే మాత్రం విచిత్రంగా చూస్తుంది. “అడగడానికేముందే, ఇద్దరయ్యారుగా. మీ నాయనమ్మ సరే అంది, నర్సమ్మ పేరు రాసుకుంది.”

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ముగ్గురిని కనండి, నలుగురిని కనండి అనే మాటలు పెద్ద నాయకుల నోటి నుంచే వస్తున్నాయి. అవి విన్నప్పుడల్లా నాకు ఆ చాప గుర్తొస్తుంది. మనకి బర్త్ కంట్రోల్ అంటే ‘ఆపరేషన్’ అనే ఒక్క మాటే ఎందుకు మిగిలిందో, అది ఎలా ఆడవాళ్ల మీదే పడిందో తెలియకుండా ఇప్పటి గొడవ అర్థం కాదు. అందుకే కాస్త వెనక్కి వెళ్తున్నాను.

ముందు ఒక లెక్క. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య పెళ్లయిన ఆడవాళ్లలో వందకి దాదాపు 70 మందికి ఈ ఆపరేషన్ అయిపోయింది. తెలంగాణలో 62 మందికి. దేశం మొత్తం మీద తీసుకుంటే 38. మాత్రలు, కాపర్-టీ, కండోమ్, ఇంజెక్షన్ అన్నీ కలిపినా ఆంధ్రలో వందకి ఒకరిద్దరికి మించి వాడటం లేదు. మగవాళ్ల వేసెక్టమీ సంగతైతే దేశవ్యాప్తంగా వందకి ఒక్కరు కూడా లేరు, 0.3 శాతం. ఆపరేషన్ చేయించుకున్న మన ఆడవాళ్లలో సగానికి పైగా పాతికేళ్లు నిండకముందే చేయించుకున్నవాళ్లు. అంటే పదిహేడుకో పద్దెనిమిదికో పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు, ఆపైన ఆపరేషన్. పెళ్లికీ మొదటి బిడ్డకీ మధ్య, మొదటి బిడ్డకీ రెండో బిడ్డకీ మధ్య వాడుకోవడానికి ఏమైనా ఉందని ఆ అమ్మాయికి చెప్పినవాళ్లు లేరు.

ఇది మొదటి నుంచీ ఇలా లేదు. 1920లు, 30లలో మన దేశంలో దీని గురించి మాట్లాడినవాళ్ల మాటలు చదివితే ఇప్పటికంటే ధైర్యంగా ఉన్నాయనిపిస్తుంది. బొంబాయిలో ఆర్.డి. కార్వే అనే లెక్కల ప్రొఫెసర్ 1921లోనే క్లినిక్ తెరిచాడు, ఈ ప్రచారం వల్లే కాలేజీ ఉద్యోగం పోగొట్టుకున్నాడు, అయినా 1927లో పత్రిక పెట్టి చివరిదాకా నడిపాడు. మైసూరు సంస్థానం 1930లో ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే గర్భనిరోధక క్లినిక్‌లు పెట్టించింది. మద్రాసులో 1928లో ఒక సంఘం వచ్చింది, దానిలో ఉన్నవాళ్లు ఎక్కువమంది పెద్ద కులాల పెద్దమనుషులు, వాళ్ల బెంగంతా జనాభా, పేదరికం చుట్టూ తిరిగేది. అదే మద్రాసు రాష్ట్రంలో ఆత్మగౌరవ ఉద్యమ నాయకుడు పెరియార్ ఇంకో మాట అన్నాడు. మిగతావాళ్లు తల్లి ఆరోగ్యం కోసం, దేశ ఆర్థిక పరిస్థితి కోసం గర్భనిరోధం కావాలంటున్నారు, మేము మాత్రం ఆడది స్వతంత్రంగా బతకడానికి కావాలంటున్నాం అన్నాడు. తొంభై ఏళ్లయింది. ఏ ప్రభుత్వ పథకంలోనూ ఆ మాట మొదటి వరసలోకి రాలేదు.

గాంధీ దీనికి ఒప్పుకోలేదు. 1935 డిసెంబరులో అమెరికాలో గర్భనిరోధం కోసం ఉద్యమం నడిపిన మార్గరెట్ శాంగర్ వార్ధా వచ్చి ఆయనతో దీని గురించి గట్టిగా వాదించింది. నిగ్రహమే మార్గం, భర్తకి వద్దని చెప్పడం భార్య నేర్చుకోవాలి అన్నది ఆయన పక్షం. వద్దన్న భార్యకి ఆ రాత్రి ఇంట్లో ఏమవుతుందన్న ప్రశ్నకి అందులో జవాబు లేదు, నాకు అక్కడే బాధ అనిపిస్తుంది. ఆ తర్వాత కొన్ని రోజులకే తిరువనంతపురంలో జరిగిన అఖిల భారత మహిళా సభలో శాంగర్ మాట్లాడింది, సభ గర్భనిరోధాన్ని సమర్థించింది. గాంధీని ఎంతో గౌరవించే ఆడవాళ్లు కూడా ఈ ఒక్క విషయంలో ఆయన మాట పక్కనపెట్టారు.

స్వతంత్రం వచ్చాక 1952లో, ప్రపంచంలోనే మొదటిసారిగా, మన ప్రభుత్వం కుటుంబ నియంత్రణని జాతీయ కార్యక్రమం చేసింది. అప్పటి ఆరోగ్యమంత్రి రాజకుమారి అమృత్ కౌర్ గాంధీ శిష్యురాలు, పరికరాలకి ఒప్పుకోదు. అందుకని మొదట ప్రయత్నించింది ‘సురక్షిత రోజులు’ లెక్కపెట్టే పద్ధతి. మైసూరు రాష్ట్రంలోని రామనగరంలో, ఢిల్లీ లోధీ కాలనీలో ఆడవాళ్లకి రంగురంగుల పూసల దండలిచ్చారు, రోజుకో పూస జరపాలి, ఆకుపచ్చ పూస వస్తే భయం లేదు, ఎర్ర పూస వస్తే దూరం పాటించాలి. ఎర్ర పూస రోజున మొగుడు వింటాడా లేదా అన్నదాన్ని ఆ పూస ఏం చేయగలదు? ఆ ప్రయోగం పెద్దగా ఫలించలేదు.

1960ల మధ్యలో పరిస్థితి మారిపోయింది. కరువు, అమెరికా గోధుమల మీద ఆధారపడటం, ఆ గోధుమల ఓడలు కదలాలంటే జనాభా తగ్గించే పని చూపించాలని అక్కడి అధ్యక్షుడు జాన్సన్ ప్రభుత్వం ఒత్తిడి. 1965లో గర్భసంచిలో పెట్టే లూప్ వచ్చింది, 1966 నుంచి టార్గెట్లు వచ్చాయి. జిల్లాకింత, బ్లాకుకింత, నర్సుకింత. లూప్ వేయించుకున్నవాళ్లకి రక్తస్రావం అయితే చూసే దిక్కులేక, ఊళ్లలో దానికి చెడ్డపేరొచ్చి కొన్నేళ్లకే మూలపడింది. మన తల్లుల తరం కాపర్-టీ అంటే ఇప్పటికీ జంకుతుందంటే దానికి కారణం అజ్ఞానం అనకండి, ఆ లూపుల రోజుల కథలు ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకి వచ్చాయి. 1968లో పదిహేను పైసలకి మూడు చొప్పున నిరోధ్ కండోమ్‌లు అమ్మకానికి వచ్చాయి, బస్సుల మీదా గోడల మీదా కుటుంబ నియంత్రణ గుర్తు ఎర్ర త్రికోణం వచ్చింది, 1971లో గర్భస్రావాన్ని కొన్ని షరతులతో చట్టబద్ధం చేశారు. ఆ చట్టం మంచిదే, కానీ నిర్ణయం డాక్టర్ చేతిలో పెట్టింది.

అప్పట్లో ఆపరేషన్ అంటే ఎక్కువగా మగవాళ్లదే. 1971 జులైలో ఎర్నాకుళంలో కలెక్టర్ పెట్టిన నెలరోజుల క్యాంపులో 63 వేల పైచిలుకు ఆపరేషన్లు జరిగితే దాదాపు అన్నీ వేసెక్టమీలే. ఇప్పుడు చెబితే నమ్మరు.

దాన్ని తలకిందులు చేసింది ఎమర్జెన్సీ. 1976-77 ఒక్క ఏడాదిలో 82 లక్షలకి పైగా ఆపరేషన్లు, అందులో 62 లక్షలు మగవాళ్లవి. ఢిల్లీలో, ఉత్తరప్రదేశ్‌లో, హర్యానాలో జీతాలాపి, రేషన్ ఆపి, కొన్నిచోట్ల పోలీసులతో ఊరిని చుట్టుముట్టి మరీ చేశారు. 1977 ఎన్నికల్లో ఉత్తరాదిలో కాంగ్రెస్ తుడిచిపెట్టుకుపోయింది. ఆ తర్వాత శాఖ పేరు కుటుంబ నియంత్రణ నుంచి కుటుంబ సంక్షేమం అయింది (మన పేపర్లు మాత్రం ఇవాళ్టికీ ‘కు.ని. ఆపరేషన్లు’ అనే రాస్తాయి). రాజకీయ నాయకులు అందులో నేర్చుకున్న పాఠం ఒకటే, మగవాళ్ల జోలికి వెళ్తే ఓట్లు పోతాయి. టార్గెట్లు అలాగే ఉన్నాయి, మనుషులు మారారు. చిన్న గాటుతో చేసే ల్యాప్రోస్కోపీ కూడా అదే సమయానికి చేతికొచ్చింది, గంటకి ఇన్నని చేసేయొచ్చు. 1980ల కల్లా పది ఆపరేషన్లలో ఎనిమిదికి పైగా ఆడవాళ్లవే. వేసెక్టమీ చిన్నది, ప్రమాదం తక్కువ, త్వరగా కోలుకుంటారు, ఇవన్నీ డాక్టర్లందరికీ తెలుసు. అయినా కడుపు కోయించుకునేది ఆమే. ‘ఆయన బరువులెత్తాలి, నీరసం వస్తుంది’ అని ఆడవాళ్లే అంటారు, పొలంలో ఆయనతో సమానంగా మోసేవాళ్లు.

ఇక్కడ పటాన్‌చెరు సంగతి చెప్పాలి. 1985లో అక్కడి ఆరోగ్య కేంద్రంలో చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లకి నెట్-ఎన్ అనే ఇంజెక్షన్ వేసే క్యాంపు పెట్టారు. రెండు నెలలకోసారి వేయించుకుంటే గర్భం రాదని చెప్పారు. అది ఇంకా పరీక్షలో ఉన్న మందని, తాము ఆ పరీక్షలో భాగమని, నెలసరి గతి తప్పొచ్చని మాత్రం చెప్పలేదు. హైదరాబాద్ స్త్రీ శక్తి సంఘటన కార్యకర్తలు వెళ్లి చూసి బయటపెట్టారు. 1986లో ఆ సంస్థా, ఢిల్లీ మహిళా సంఘం సహేలీ, మరికొందరూ కలిసి సుప్రీంకోర్టుకెళ్లారు. పద్నాలుగేళ్లు నడిచింది కేసు. చివరికి 2000లో, నెట్-ఎన్‌ని జాతీయ కార్యక్రమంలో పెద్దఎత్తున ఇవ్వబోమని ప్రభుత్వం చెప్పాక ముగిసింది. ఇంజెక్షన్ మంచిదా చెడ్డదా అన్నది వేరే వాదన. ఇంట్లో ఎవరికీ తెలియకుండా వాడుకోవచ్చు కాబట్టి కావాలనుకునే ఆడవాళ్లూ ఉంటారు, నేను వాళ్లని తప్పుపట్టను. మూడు నెలల ఇంజెక్షన్ ఒకటి 2017 నుంచి ‘అంతర’ పేరుతో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇస్తున్నారు కూడా. వేయించుకున్నాక రెండు నెలలు రక్తం ఆగకపోతే తిరిగొచ్చి చెప్పుకునే చోటు ఉందా అన్నదే నా అనుమానం.

1990లలో రెండు పనులు ఒకేసారి జరిగాయి, ఒకదానికొకటి పొసగనివి. జనాభా మీద జరిగిన 1994 కైరో సదస్సులో, అంకెల గోల మాని ఆడవాళ్ల ఆరోగ్యం, హక్కులు చూడాలని మన దేశమూ సంతకం పెట్టింది, 1996లో కేంద్రం టార్గెట్లు ఎత్తేసింది. సరిగ్గా అప్పుడే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధన 1994 చట్టంలో చేరింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం రాష్ట్ర జనాభా విధానం తెచ్చి, బడి భవనాలు, ఊరి పనులు, గ్రామీణాభివృద్ధి నిధుల్ని కూడా కుటుంబ నియంత్రణ ఎంత బాగా జరిగిందన్నదానితో ముడిపెట్టింది. మా పిన్ని అప్పట్లో ఏఎన్ఎం, ఊళ్లలో తిరిగే నర్సు. ఏడాది లెక్కలు ముగిసే మార్చి వస్తుందంటే ఇంట్లో పండగ లేదు, నిద్ర లేదు. కేసులు తక్కువైతే రివ్యూ మీటింగ్‌లో అందరి ముందూ నిలబెట్టి అడుగుతారని టెన్షన్. ‘కేసు’ అనేవాళ్లు, మనిషిని.

పంచాయతీ నిబంధన ఆడవాళ్లనే ఎక్కువ దెబ్బకొట్టింది. మూడో వంతు సీట్లు మహిళలకి రిజర్వ్ అయిన కొత్తలోనే ఇది వచ్చింది. పిల్లలెందరన్నది తన చేతిలో లేని మనిషిని, పిల్లలెక్కువని పదవికి పనికిరావన్నారు. ఆంధ్రతో సహా అయిదు రాష్ట్రాల్లో నిర్మలా బుచ్ చేసిన అధ్యయనంలో సీటు కోసం గర్భం తీయించడం, బిడ్డని దత్తతకిచ్చేయడం, భార్యని వదిలేయడం, అన్నీ బయటపడ్డాయి. అయినా 2003లో హర్యానా కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధన సబబేనంది.

క్యాంపుల కథ ముగియడానికి ఇంకా చాలామంది చనిపోవాల్సొచ్చింది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర, వాడకంలో లేని ఒక ఆసుపత్రి భవనంలో ఒకే డాక్టర్ కొన్ని గంటల్లో 83 మంది ఆడవాళ్లకి ఆపరేషన్లు చేశాడు. పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. ఇలాంటి క్యాంపుల మీద దేవికా బిశ్వాస్ వేసిన కేసులో 2016లో సుప్రీంకోర్టు, మూడేళ్లలో క్యాంపులు ఆపేయమంది.

మన దగ్గర ఈ దారిలో సాధించిందేమిటంటే, సంతానోత్పత్తి రేటు, అంటే ఒక్కో ఆడమనిషికి సగటున పుట్టే పిల్లల సంఖ్య, ఆంధ్రలో 1.7కి, తెలంగాణలో 1.8కి దిగింది. చదువు, ఉద్యోగాలు అంతగా పెరగకముందే దిగింది కాబట్టి దీన్ని అద్భుతంగా చెప్పుకుంటారు. పాతికేళ్లకే ఆపరేషన్ అయిపోయిన మనిషి, తర్వాత ఏ నొప్పొచ్చినా ‘పిల్లలైపోయారుగా, ఇంకెందుకు’ అన్న ఒక్క మాటతో గర్భసంచి కూడా తీయించుకుంటుంది. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలో ఎక్కువున్నది మన రెండు రాష్ట్రాల్లోనే, 49 ఏళ్లలోపు వాళ్లలో వందకి ఎనిమిది మందికి పైగా. కేంద్రం 2016లో మాత్రలు, ఇంజెక్షన్లు గట్టిగా ఇంటింటికీ తీసుకెళ్లాలని మిషన్ పరివార్ వికాస్ మొదలుపెడితే, పిల్లలు ఎక్కువ పుడుతున్న ఏడు రాష్ట్రాలకే ఇచ్చింది. మన అంకె బాగుంది కాబట్టి మన అమ్మాయిల అవసరం ఎవరి జాబితాలోనూ లేకపోయింది.

ఇప్పుడు గాలి తిరిగింది. 1976లో లోక్‌సభ సీట్లని 1971 జనాభా లెక్కల దగ్గర ఆపేశారు, కుటుంబ నియంత్రణ బాగా చేసిన రాష్ట్రాలు నష్టపోకూడదని. ఆ గడువు 2026 దాకా పొడిగించారు. గడువు దగ్గరపడే కొద్దీ, జనాభా తగ్గిన మనకి సీట్లు తగ్గుతాయని, దానితోపాటు ముసలివాళ్ల సంఖ్య పెరుగుతుందన్న భయంతో, ఎక్కువమందిని కనాలన్న పిలుపు మొదలైంది. 1997లో విధానం తెచ్చిన ముఖ్యమంత్రే 2024 నవంబరులో ఇద్దరు పిల్లల నిబంధన తీసేయించారు. 2025 మార్చిలో విజయనగరం ఎంపీ మూడో బిడ్డ ఆడపిల్లైతే యాభై వేలు డిపాజిట్ చేస్తానని, మగపిల్లాడైతే ఆవునిస్తానని ప్రకటించారు. నిబంధన తీసేయడం మంచిపనే, అసలు పెట్టకూడనిది. దాన్ని తీసేసిన కారణం మాత్రం నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. అప్పుడు దేశానికి తక్కువ కావాలి, ఇప్పుడు రాష్ట్రానికి ఎక్కువ కావాలి.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు మా బాబాయి కూతురు, ఇరవై రెండేళ్లది, ఒళ్లో ఎనిమిది నెలల పాప, రహస్యంగా అడిగింది: “అక్కా, ఆపరేషన్ కాకుండా ఏమైనా ఉంటుందా, ఓ నాలుగేళ్లు ఆగడానికి?” ఛాయా అనే గర్భనిరోధక మాత్ర గురించి చెప్పాను. లక్నోలో మనవాళ్లే కనిపెట్టింది, 1991లో ‘సహేలీ’ పేరుతో మార్కెట్లోకి వచ్చింది, హార్మోన్లు ఉండవు, మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. కాపర్-టీ గురించీ చెప్పాను. మేజర్ అయిన ఆడమనిషి ఏది వాడాలన్నా, ఆఖరికి ఆపరేషన్‌కైనా, భర్త సంతకం అక్కర్లేదని కూడా చెప్పాను. అది నమ్మలేదు. పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్న మా అమ్మ చేయి ఆపి, “సంతకం అక్కర్లేదా?” అంది.