ముక్కుకి రెండు గుమ్మాలు

"చేపకి నీళ్లలో వాసనేంటండీ? వాసన వచ్చేది గాలిలో కదా?" అని ఒక పాఠకుడు అడిగారు. చిన్నప్పుడు క్లాసులో ఇలాంటిదే నేనూ అడిగాను. "చేప మొప్పలతో ఊపిరి పీలుస్తుంది, దానికి ముక్కుతో పనేంటి, కూర్చో" అన్నారు మాస్టారు. కూర్చున్నాను. ముక్కు ఉన్నది ఊపిరి కోసమే అనుకోవడం గాలి పీల్చే మన భ్రమ అని తెలిసేసరికి చాలా ఏళ్లు పట్టింది. చేప ముక్కుకి ఊపిరి గొడవ లేదు. దానికున్నది ఒకటే పని, వాసన చూడటం.

గాజు తొట్టిలో గోల్డ్‌ఫిష్ ఉంటే దాని మొహం దగ్గరగా చూడండి. కంటికీ మూతికీ మధ్య చిన్న చర్మపు రేకు ఒకటి నిక్కి ఉంటుంది. దానికి ముందొక కన్నం, వెనకొక కన్నం. అటు రెండు, ఇటు రెండు, మొత్తం నాలుగు. పాంపమ్ అనే రకంలో ఈ రేకులే ఊలు బంతుల్లా పెరిగి ముక్కు మీద వేలాడతాయి. అందం కోసం మనుషులు తరతరాలుగా ఏరి పెంచిన ముక్కు అది.

వీధి గుమ్మం, పెరటి గుమ్మం రెండూ తీసి ఉన్న ఇల్లు ఊహించుకోండి. చేప ముందుకు ఈదుతుంటే నీళ్లు వీధి గుమ్మంలోంచి వచ్చి పెరటి గుమ్మంలోంచి పోతాయి. ఆ నిక్కిన రేకు వారగా తెరిచిన తలుపు లాంటిది. ఎదురొచ్చే నీటిని లోపలికి మళ్లిస్తుంది, వెళ్లిపోయిన నీరు మళ్లీ కలవకుండా చూస్తుంది. మన ముక్కు పెరటి గుమ్మం గొంతులోకి తెరుచుకుంటుంది. ఊపిరితిత్తుల చేపల వంటి కొన్నిటిని వదిలేస్తే, చేపల్లో ముక్కుకీ గొంతుకీ దారే లేదు.

మరి చేప కదలకుండా ఉంటే? గాలి ఆడని రోజు మనం ఫ్యాన్ వేసుకుంటాం. మలుగు చేపా అంతే. దాని వీధి గుమ్మం మూతి కొసన చిన్న గొట్టంలా ఉంటుంది, పెరటి గుమ్మం ఎక్కడో కంటి దగ్గర. మధ్యలో ఉన్న పొడవాటి గదిలో లక్షల శైలికలు, అంటే కంటికి కనిపించనంత సన్నటి వెంట్రుకల్లాంటివి, కొట్టుకుంటూ నీటిని నడిపిస్తాయి. ఇసుకలో పడుకునే బల్లపరుపు చేపలది ఇంకో పద్ధతి. ముక్కుకి అనుబంధంగా తిత్తులుంటాయి. దవడ ఆడినప్పుడల్లా అవి కొలిమి తిత్తుల్లా నొక్కుకుని, విచ్చుకుని నీటిని తోడతాయి. ఒకే గుమ్మం ఉన్న ఇళ్లూ లేకపోలేదు. స్టికిల్‌బ్యాక్ అనే బుల్లి చేపకి పక్కకొక కన్నమే. వచ్చిన దారినే పోవాలి.

గది లోపల పువ్వు లాంటి అమరిక ఉంటుంది. మధ్యలో ఒక గట్టు, దానికి రెండు పక్కలా పల్చటి పొరలు. స్టికిల్‌బ్యాక్‌లో అవి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని, మలుగులో పదుల కొద్దీ. ఆ పొరల మీదే వాసన పట్టే నాడీకణాలు. వీటిలో ముఖ్యంగా మూడు రకాలు: పొడవాటి శైలికలున్నవి, సూక్ష్మచూషకాలనే పొట్టి వేళ్లలాంటి పొడుచుకులున్నవి, గుడ్డు ఆకారంలో లోపలికి గుంట పడినవి. మూడోదాన్ని క్రిప్ట్ కణం అంటారు. మొదటి రకం పైత్యరసంలో ఉండే ఆమ్లాలకి, రెండోది ప్రోటీన్లకి ఇటుకల్లాంటి అమైనో ఆమ్లాలకి ఎక్కువగా స్పందిస్తుంది. ఈ కణాల తోకలే ఒకటో కపాల నాడిగా (మెదడుకి నేరుగా కలిసే నాడుల్లో మొదటిది) మెదడులో వాసనని అందుకునే ఘ్రాణ లంబికని చేరతాయి. రుచి తీగలు వేరు. అవి 7, 9, 10 కపాల నాడుల్లోంచి మెదడు వెనక భాగానికి పోతాయి. అంటే వాసనా రుచీ రెండూ నీళ్లలోంచే వచ్చినా చేపకి కలిసిపోవు, వైరింగే వేరు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మనకి వాసన తెలియాలంటే పదార్థం ఆవిరై గాలిలోకి లేవాలి. చేపకి అది నీళ్లలో కరిగితే చాలు. అలనైన్ అనే అమైనో ఆమ్లం మన ముక్కుకి ఏమీ కాదు, నాలిక మీద వేస్తే తియ్యగా ఉంటుంది. అదే ఒక్క గ్రాము పది లక్షల లీటర్ల నీళ్లలో కలిపినా చాలా చేపల ముక్కు పసిగట్టే పరిధిలోనే ఉంటుంది.

గొంతుతో సంబంధం లేదన్నాను కదా, అందుకే చేప ముక్కు మూసినా ఊపిరి ఆగదు. సాల్మన్ చేపలు గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి తమ వాగుకే ఎలా తిరిగొస్తాయో తేల్చడానికి ఆర్థర్ హాస్లర్, వారెన్ విస్బీ అనే శాస్త్రవేత్తలు దీన్నే వాడుకున్నారు. 1950ల్లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఇసాక్వా వాగు రెండు పాయల్లోనూ కోహో సాల్మన్లని పట్టి, సగం చేపల ముక్కుల్లో దూది కుక్కి, అన్నిటినీ పాయలు కలిసే చోటికి దిగువన వదిలారు. దూది లేనివి చాలావరకు తమ పాయకే తిరిగొచ్చాయి. దూది ఉన్నవి ఎటు పడితే అటు పోయాయి. దూది ముక్కతో ఇంత పెద్ద జవాబు రాబట్టిన ప్రయోగాలు అరుదు, నాకు మహా ఇష్టం.

సొరచేప మైలు దూరం నుంచి ఒక్క నెత్తుటి చుక్క పసిగడుతుందన్నది మాత్రం ఉత్త మూఢనమ్మకం. చుక్కని నీటి ప్రవాహం మోసుకురావాలి, వచ్చేలోపు అది పల్చబడిపోతుంది. పైగా అమైనో ఆమ్లాల విషయంలో సొర ముక్కు మిగతా చేపల కంటే పెద్ద ఘనమైనదేం కాదు. గొప్పదనం వేరే చోట ఉంది. 2010లో గార్డినర్, అటేమా అనే శాస్త్రవేత్తలు ఒక చిన్న జాతి సొర రెండు ముక్కుల్లోకీ గొట్టాలతో వాసన పంపి చూశారు. సెకనులో పదో వంతు నుంచి అర సెకను దాకా తేడా ఉంటే, ముందు వాసన తగిలిన వైపుకే అది తిరిగింది. రెండో వైపు ఘాటు ఎక్కువున్నా సరే. ఎంత గట్టిగా తట్టారని కాదు, ఏ వీధి గుమ్మం ముందు తట్టారన్నదే దానికి లెక్క. సుత్తితల సొరకైతే ఆ రెండు గుమ్మాలూ వెడల్పాటి తలకి చెరో వైపున, బాగా ఎడంగా ఉంటాయి. వాసన కాస్త పక్కగా వచ్చినా చాలు, ఒక గుమ్మానికి ముందు, ఇంకోదానికి వెనక తగులుతుంది.