వెండి అసలుదే, నాణెం మాత్రం నకిలీ

పోయిన నెలలో రిటైరైన మాస్టారు ఒకాయన వచ్చారు. రుమాలులో చుట్టి తెచ్చిన అలెగ్జాండర్ టెట్రాడ్రాక్మా (ఆయన పేరుతో ఉండే పాతకాలపు గ్రీకు వెండి నాణెం) బల్ల మీద పెట్టి, "కంసాలి గీటురాయి మీద గీసి చూశాడండీ, మంచి వెండేనట" అన్నారు. ఈ మాట ఏళ్ల తరబడి వింటున్నాను. ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది దీన్ని నమ్మే.

టెట్రాడ్రాక్మా బరువు సుమారు 17 గ్రాములు. అంత వెండి ఖరీదెంత, పాత నాణెమని చెప్పి గుంజే సొమ్మెంత? నకిలీ చేసేవాడికి అసలు వెండి వాడటం భారమే కాదు. గీటురాయి లోహం సంగతి చెబుతుంది, వయసు చెప్పదు. క్రీ.పూ. 375 నాటి ఏథెన్స్ చట్టం ప్రకారం, లోపల కంచో సీసమో ఉన్న నాణేన్ని పరీక్షకుడు అక్కడికక్కడే నరికేయాలి. ఆ మోసం లోహంలో ఉండేది. ఇప్పటిది తయారీలో ఉంది.

అప్పట్లో వెండి బిళ్లను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టేవారు. మాస్టారి నాణేన్ని లెన్స్ కింద చూస్తే, దాని మీదున్న గ్రీకు దేవుడు జ్యూస్ సింహాసనం పక్కన సన్నటి బొడిపెలు, మైనం కరిగినట్టు మొద్దుబారిన సింహం జూలు, అంచు చుట్టూ అతుకు గీత, దాన్ని ఆకురాయితో అరగదీసిన గుర్తులు. పోత పోసింది. ముప్పై ఏళ్లు చరిత్ర చెప్పిన మనిషి, ఒక్క నాణెమైనా చేతిలో ఉండాలని ఆశపడ్డారు. అందులో ఆయన తప్పేముంది? అమ్మినవాడు చీటీ ముక్క కూడా ఇవ్వలేదు.

కొనేముందు అలాంటివే ఇంకా అమ్మకానికి ఉన్నాయేమో వెతకండి. చేత్తో కొట్టినవి ఒకే అచ్చువైనా బిళ్ల ఆకారం, పగుళ్లు తేడాగా ఉంటాయి. రెండింటికీ ఒకేచోట ఒకే గంటు కనిపిస్తే వదిలేయండి. అచ్చు కొట్టిన నకిలీలూ ఉన్నాయి, అందుకే ఫోటో చూసి అసలుదని నేను చెప్పను.

ఇక మిగతా అపోహలు. ఈ నాణెం మీది ముఖం అలెగ్జాండర్‌ది కాదు, సింహం తోలు కప్పుకున్న గ్రీకు పురాణ వీరుడు హెరాక్లీస్‌ది. మాసిడోనియా రాజులు ఆయన్ని తమ మూలపురుషుడిగా చెప్పుకున్నారు, అలెగ్జాండర్‌కు ముందే నాణేల మీద వేయించారు. అలెగ్జాండర్ రూపం కావాలంటే, ఆయన సేనాని, తర్వాత రాజైన లైసిమాకస్ నాణేలు చూడండి, చెవి మీదుగా పొట్టేలు కొమ్ము వంగి ఉంటుంది. పేరు చెక్కి ఉంటే ఆయన బతికుండగా కొట్టిందనీ కాదు. క్రీ.పూ. 323లో ఆయన పోయాక రెండు వందల ఏళ్లకు పైగా ఆ పేరుతో కొట్టారు.

చింతపండుతో తోమకండి. ఒకావిడ వాళ్ల నాన్నగారి నాణేన్ని తళతళలాడించి తెచ్చారు. అది అసలుదే. గీతలు పడిన ఆ ముఖాన్ని చూసి నాకే నోట మాట రాలేదు. నల్లబడితే నల్లగానే తీసుకురండి.