అబ్జర్వేషన్ హోమ్ పిల్లల ఆరోగ్యం: అపోహలు - వాస్తవాలు

పీహెచ్‌సీలో ఓపీ చూస్తూనే వారానికోరోజు అబ్జర్వేషన్ హోమ్‌కి, అంటే నేరం చేశారన్న ఆరోపణతో విచారణలో ఉన్న పిల్లల్ని ఉంచే చోటికి వెళ్తాను. ఆ పిల్లల గురించి బయట వినేదానికీ, లోపల నేను చూసేదానికీ పొంతనే ఉండదు.

అపోహ: వాళ్ళు జైల్లో ఉన్న నేరస్థులు. వైద్యం మనం దయతలచి చేసేదే.

వాస్తవం: 2015 జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండని పిల్లల్ని లాకప్‌లో గానీ, జైల్లో గానీ పెట్టకూడదు. అబ్జర్వేషన్ హోమ్‌లో ఉంచేది విచారణ జరుగుతున్నవాళ్ళని, అంటే నేరం ఇంకా రుజువు కానివాళ్ళని. నెలనెలా వైద్య పరీక్ష, ప్రతి బిడ్డకూ విడిగా ఆరోగ్య రికార్డు ఉండాలని ఆ చట్టం కింద వచ్చిన 2016 నిబంధనలే చెబుతున్నాయి.

అపోహ: "రాత్రిళ్ళు నిద్రపోడు, ఊరికే కొట్లాటకు దిగుతాడు. అంతా పొగరు మేడమ్."

వాస్తవం: హోమ్ సిబ్బంది నోట నేను ఎక్కువగా వినే మాట ఇదే, నన్ను ఎక్కువ బాధపెట్టేదీ ఇదే. రోజూ గంజాయో సిగరెట్లో తాగే పిల్లాడికి అవి ఒక్కసారిగా ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లోనే చిరాకు, నిద్రలేమి మొదలవుతాయి. గంజాయి మానినవాళ్ళకు ఆకలి కూడా చచ్చిపోతుంది. మొదటి వారం బాగా ఇబ్బంది పెట్టి, రెండు మూడు వారాల్లో తగ్గుతాయి. అప్పుడు కావాల్సింది ఓపికగా మాట్లాడే మనిషి, వేళకు తిండి. మత్తు మాత్రలకు అలవాటుపడ్డవాళ్ళ సంగతి వేరు. అవి హఠాత్తుగా ఆగితే ఫిట్స్ రావచ్చు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పంపాలి.

అపోహ: జబ్బంటే నాటకమే, బయటికి పోవడానికి.

వాస్తవం: ఒకరోజు ఒక అబ్బాయి కింద పడి కొట్టుకుంటుంటే "యాక్టింగ్" అన్నారు. నేను వెళ్ళేసరికి నాలుక పక్కన పంటిగాటు, తడిసిన నిక్కరు. తల్లికి ఫోన్ చేయిస్తే, "రోజూ రాత్రి ఫిట్స్ మాత్ర వేస్తానమ్మా. తీసుకెళ్ళేటప్పుడు కవర్‌లో పెట్టి ఇచ్చాను" అంది. ఆ కవర్ హోమ్ దాకా రాలేదు. నాలుగు రాత్రులు మాత్ర లేదు. అప్పట్నుంచి కొత్తగా వచ్చిన ఎవరినైనా ముందు ఇదే అడుగుతాను: "ఇంట్లో రోజూ ఏ మందు వేసుకుంటావు నాన్నా?"

అపోహ: స్నానం చేయకపోతే గజ్జి వస్తుంది.

వాస్తవం: గజ్జికి కారణం కంటికి కనబడనంత చిన్న పురుగు. ఒళ్ళూ ఒళ్ళూ తగిలి పడుకునే చోట ఒకరి నుంచి పదిమందికి పాకుతుంది. వేళ్ళ సందులు, మణికట్టు, బొడ్డు చుట్టూ చూడండి. 5 శాతం పెర్మెత్రిన్ క్రీమ్ మెడ నుంచి అరికాళ్ళ దాకా రాసి, రాత్రంతా ఉంచి, పొద్దున్నే స్నానం చేయించాలి. వారం తర్వాత మళ్ళీ రాయాలి. దురద లేనివాళ్ళతో సహా గదిలో అందరికీ ఒకే రాత్రి రాయాలి. ట్యూబులు చాలక సగం మందికే రాస్తే కథ మళ్ళీ మొదటికొస్తుంది. పక్కబట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయండి. మందు పనిచేసినా దురద రెండు మూడు వారాలు ఉంటుంది, కంగారుపడకండి.

అపోహ: వయసు తేల్చాలంటే ఎముకల ఎక్స్‌రే తీయాల్సిందే.

వాస్తవం: ముందు బడి సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం చూడాలి. ఏదీ దొరకనప్పుడే వైద్య పరీక్ష. అది చెప్పేదీ అంచనా వయసే.

అపోహ: బెయిల్ వచ్చిందంటే మా పని అయిపోయింది.

వాస్తవం: టీబీ మందులు కనీసం ఆరు నెలలు వాడాలి, బెయిల్ రెండో వారంలోనే రావచ్చు. పంపేటప్పుడు మందులు, వాడే తీరు రాసిన చీటీ తల్లిదండ్రుల చేతికివ్వండి, వాళ్ళ ఊరి పీహెచ్‌సీకి ఫోన్ చేయండి. మీ బిడ్డే లోపల ఉంటే, పాత మందుల చీటీ తీసుకెళ్ళి సూపరింటెండెంట్‌కివ్వండి. రికార్డులో రాసే దాకా అక్కడే ఉండండి.