కొట్టుగదికి తాళం

పెదవాల్తేరు, విశాఖపట్నం
ఆషాఢ మాసం

చిరంజీవులు బుజ్జికి, చిన్నుకి తాతయ్య దీవెనలు.

బుజ్జీ, మొన్న ఆదివారం ఫోన్లో నువ్వడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "ఇస్త్రీ మావయ్యకి టీబీ ఊపిరితిత్తుల్లో కదా తాతయ్యా, మరి రక్తం ఎందుకు తీశారు? ఒంట్లో రక్తం తక్కువుందన్నారు, మరి రక్తం పట్టే మాత్రలు ఎందుకు ఇవ్వలేదు?" అన్నావు. అందులో రెండు ప్రశ్నలున్నాయమ్మా. రెండోది చాలా గట్టిది. ముప్పై ఏళ్లు ల్యాబులో రక్తం చూస్తూ బతికిన నాకే దాని జవాబు చాలా ఆలస్యంగా తెలిసింది.

ముందు తేలికది చెప్తాను. ఇస్త్రీ బండి మావయ్యకి రక్తం తీసింది టీబీ ఉందో లేదో తేల్చడానికి కాదు. దాన్ని తేల్చేది కళ్లె పరీక్ష, దానికి తోడు ఎక్స్‌రే. రక్తం చూసి టీబీ చెప్పేస్తామంటూ ఒకప్పుడు కిట్లు అమ్మేవారు. జబ్బు లేనివాళ్లకి ఉందనేవి, ఉన్నవాళ్లకి లేదనేవి. ఎంతమంది డబ్బు, ఎంతమంది కాలం వాటివల్ల పోయాయో! 2012లో మన ప్రభుత్వం వాటిని నిషేధించింది, మంచి పని చేసింది. రక్తం చెప్పే కబురు వేరు. ఒళ్లు ఎంతగా పోరాడుతోందో అది చెప్తుంది.

ఈఎస్ఆర్ అనే పరీక్ష ఉంది. సన్నటి పొడవాటి గాజు గొట్టం, దాని మీద సున్నా నుంచి రెండొందల దాకా గీతలు. రక్తం గడ్డకట్టకుండా మందు కలిపి, గొట్టంలోకి లాగి, స్టాండులో నిట్టనిలువుగా పెడతాం. తర్వాత ఇంకేం చెయ్యం, గంటసేపు ఊరికే ఉండనిస్తాం. గంటయ్యాక చూస్తే పైన లేత పసుపు నీరు, కింద ఎరుపు, మధ్యలో కత్తితో కోసినట్టు గీత. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడికి ఎరుపు పదిహేను గీతల లోపే దిగుతుంది. టీబీ ఉన్నవాళ్లలో ఎనభై, తొంభై, ఒక్కోసారి వంద దాటుతుంది. మావయ్యది తొంభై రెండు.

ఎందుకలా? ఒంట్లో పోరాటం మొదలైతే రక్తంలో ఫైబ్రినోజెన్ అనే జిగురు లాంటి పదార్థం పెరుగుతుంది. మామూలుగా విడివిడిగా తేలే ఎర్రకణాలు అప్పుడు రూపాయి బిళ్లల్లా ఒకదానికొకటి అంటుకుని దొంతర్లు కడతాయి. దొంతర బరువు, అందుకే తొందరగా దిగుతుంది. వెస్టర్‌గ్రెన్ అనే స్వీడన్ డాక్టరు 1921లో ఊపిరితిత్తుల క్షయ ఉన్నవాళ్ల రక్తం మీదే ఈ సంగతి పరిశీలించి రాశాడు. ఇప్పటికీ ఆ గొట్టానికి ఆయన పేరే. అయితే చాలా జబ్బుల్లో ఈ అంకె పెరుగుతుంది, దాన్ని ఒక్కదాన్నే చూసి ఎవరూ భయపడకూడదు. మందు పనిచేస్తుంటే మాత్రం నెలనెలా మెల్లగా దిగుతుంది.

చిన్నూ, నువ్వు కళ్లతో చూస్తే గానీ నమ్మవు కదా. రెండు గాజుగ్లాసుల నీళ్లు తీసుకో. ఒకదాంట్లో బీచి ఇసక, ఒకదాంట్లో మెత్తటి ఎర్రమట్టి వేసి కలిపి వదిలెయ్. ఇసక రేణువు దొంతర అనుకో, మట్టి రేణువు విడి కణం అనుకో. ఏది ముందు అడుక్కి చేరుతుందో చూడు. మట్టి పెరట్లోదే తీసుకో. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర గుప్పెడైనా ముట్టుకోవద్దు. అవి మనం కాపాడుకోవలసినవి.

ఇక రెండో ప్రశ్న. దీనికి మా నాన్నమ్మ కొట్టుగది చూపించాలి మీకు.

పాతపట్నంలో కురుపాం మార్కెట్ దగ్గర మా పెంకుటిల్లు. వంటింటి వెనక చీకటిగా ఒక కొట్టుగది. బియ్యం బస్తాలు, బెల్లం దిమ్మలు, ఆవకాయ జాడీలు అన్నీ అందులోనే. తాళంచెవి నాన్నమ్మ రొంటిన ఉండేది. రోజూ పొద్దున్న తలుపు తీసి, ఆ పూటకి కావలసిన బియ్యం కొలిచి ఇచ్చి, మళ్లీ వేసేసేది. మన ఒంట్లో ఇనుము కూడా అలాంటిదే. ఎర్రకణాలు తయారవ్వాలంటే ఇనుము కావాలి. ఒంట్లో ఉన్నదంతా కలిపి నాలుగు గ్రాములకి అటూఇటూ. తిండి నుంచి రోజుకి ఒకటి రెండు మిల్లీగ్రాములే ఒంటికి పడుతుంది. మిగతాది పాత సరుకే. ముసలి కణాలని మాక్రోఫేజ్ అనే కణాలు మింగి, వాటిలోని ఇనుము దాచి, రోజుకి ఇరవై మిల్లీగ్రాములకి పైగా కొత్త కణాల కోసం కొలిచి ఇస్తాయి. అవే కొట్టుగదులు. తాళంచెవి పేరు హెప్సిడిన్, అది కాలేయంలో తయారవుతుంది.

ఇంట్లో దొంగ పడ్డాడనుకోండి. నాన్నమ్మ ఏం చేస్తుంది? ముందు కొట్టుగదికి తాళం వేస్తుంది. టీబీ క్రిమికి కూడా బతకడానికి, పెరగడానికి ఇనుము కావాలి. అందుకని ఒళ్లు ఇనుము దాచేస్తుంది. పేగుల్లోంచి వచ్చే దారీ అదే తాళంతో మూసేస్తుంది. దొంగకి తిండి దొరకదు, నిజమే. ఇంట్లో పిల్లలకీ దొరకదు! ఎముకల మూలుగలో కొత్త కణాలు తయారుచేసే చోట ఇనుము అందక, రక్తం పలచబడుతుంది. బస్తాలు నిండుగా ఉంటాయి, పొయ్యి మీద మాత్రం ఏమీ ఉడకదు.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. టీబీ క్రిమి దాక్కునేది ఎక్కడో తెలుసా? ఆ మాక్రోఫేజ్ కణాల్లోనే. అంటే నాన్నమ్మ తాళం వేసిన కొట్టుగదిలోనే దొంగ నక్కి ఉన్నాడు. పైగా ఇనుమును లాక్కోవడానికి వాడి దగ్గర సొంత కొక్కెం కూడా ఉంది. మరి ఆ తాళం వల్ల మనిషికి మేలా, కీడా? పెద్దపెద్ద శాస్త్రవేత్తలే ఇంకా తరచి చూస్తున్నారు. బైలదిల్లా గనుల నుంచి కొండలు దిగి మన రేవుకి గూడ్సు బండ్ల నిండా ఇనుప ఖనిజం వస్తుంటుంది. ఆ బండి వెళ్లేటప్పుడు పెట్టెలు లెక్కపెట్టడం మానేసి నేను ఒంట్లోని ఆ నాలుగు గ్రాముల గురించే ఆలోచిస్తూ నిలబడిపోతాను.

నాకు పదేళ్లప్పుడు మా చిన్నాన్నకి ఈ జబ్బే వచ్చింది. రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షను. శానిటోరియంలో, అంటే క్షయ ఆసుపత్రిలో, పడుకోనక్కర్లేదు, ఇంట్లో ఉండి మందు వాడినా నయమవుతుందని అప్పటికే మద్రాసులో పరీక్షించి, 1959లో చెప్పారు. చిన్నాన్న ఇంట్లోనే ఉన్నాడు. కానీ ఆయన కంచం, గ్లాసు వసారాలో విడిగా పెట్టేవాళ్లు. నాన్నమ్మ మాత్రం రక్తం పట్టాలని కార్జం వేపుడు, బెల్లం వేసిన నువ్వులుండలు చేసి పెట్టేది. ఎన్ని పెట్టినా ఆయన గోళ్లు తెల్లగానే ఉండేవి. తన చేతివంటలో లోపమేదో ఉందని ఆవిడ ఏడ్చేది. ఆవిడ తప్పేమీ లేదని చెప్పడానికి అప్పటికి హెప్సిడిన్ ఎవరికీ తెలియదు. 2000 ప్రాంతంలో గానీ బయటపడలేదు. ఆ కబురు చదివిన రోజు నాకు ముందు నాన్నమ్మే గుర్తొచ్చింది.

అందుకే బుజ్జీ, డాక్టరుగారు ముందు దొంగని పట్టే మందులు మొదలెట్టారు. దొంగ పోతే తాళం దానంతటదే తెరుచుకుంటుంది, చాలామందికి రక్తం అలాగే పెరుగుతుంది. నిజంగా ఇనుమే తక్కువైతే ఆ మాత్రలు ఎప్పుడివ్వాలో ఆయన చూసుకుంటారు. అలాగని తిండి వృథా అనుకోకండి. ఝార్ఖండ్‌లో రోగుల ఇళ్లకి మంచి తిండి అందిస్తే ఆ ఇళ్లలో మిగతావాళ్లకి జబ్బు రావడం దాదాపు నలభై శాతం తగ్గిందని 2023లో ఒక పరిశోధన చెప్పింది. మీ అమ్మమ్మ రోజూ మావయ్యకి రెండు గుడ్లు, గిన్నెడు పప్పు పంపుతోంది. గిన్నె తిరిగొస్తే మన గిన్నెలతోనే కడుగుతున్నాం. ఈ జబ్బు దగ్గినప్పుడు గాలిలో వస్తుంది గానీ కంచాలతో, గిన్నెలతో రాదు. మందు మొదలెట్టిన కొద్ది వారాలకి గాలిలో అంటించే శక్తి కూడా బాగా తగ్గిపోతుంది.

ఇప్పుడొక పని చెయ్యండి. వెలుతురులో అద్దం ముందు నిలబడి కింది కనురెప్ప మెల్లగా కిందికి లాగి చూసుకోండి. లోపల దానిమ్మ గింజలా ఎర్రగా ఉంటుంది. మావయ్యది మొన్న చూశాను, కడిగిన బియ్యంలా ఉంది. ఆయన మందులు జ్యేష్ఠంలో మొదలయ్యాయి. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. దసరా సెలవులకి మీరొచ్చేసరికి ఆయన ఒంట్లో ఈనాటి రక్తకణాలు చాలావరకు పోయి, కొత్తవి వచ్చేసి ఉంటాయి. రాగానే ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్దాం. మావయ్యని అడిగి, ఆ రెప్ప మీరే చూద్దురు గాని.

ఆశీస్సులతో,
తాతయ్య