వాఫుల్‌లోంచి నీరు బయటపడే దారి

రెండు వేడి లోహపు పలకల మధ్య కాల్చే గళ్ల రొట్టె వాఫుల్ గురించి హనుమకొండలో ఇంజనీరింగ్ చదువుతున్న ఒక పాఠకురాలు పంపిన ప్రశ్న ఇది: "ఇంట్లో వాఫుల్ చేస్తే మెషీన్‌లోంచి తీసినప్పుడు కరకరలాడుతోంది, పళ్లెంలో పెట్టి తేనె వేసేలోపే మెత్తబడిపోతోంది. పిండిలో ఏం తక్కువైనట్టు?" పిండిలో తక్కువైనదాని కంటే, కాలిన తర్వాత కూడా వాఫుల్‌లో మిగిలిపోయినదాన్ని వెతకడం మంచిది. ఆ మిగిలిపోయినది నీరు. వాఫుల్ చేయడమంటే, నా దృష్టిలో, పిండిలో మనమే పోసిన నీటిలో కొంత భాగాన్ని సరైన సమయంలో, సరైన దారిలో బయటికి పంపడం. ఇది అర్థమైతే కొలతల్లో చిన్నపాటి తేడాలు వచ్చినా వంట చెడదు.

చరిత్రను రెండు మాటల్లో ముగిస్తాను. పొడవాటి పిడులున్న రెండు ఇనుప పలకల మధ్య పిండిని నొక్కి నిప్పుల మీద కాల్చే పద్ధతి యూరప్‌లో మధ్యయుగాల నుంచి ఉంది. అమెరికాలోని ట్రాయ్ నగరానికి చెందిన కార్నీలియస్ స్వార్ట్‌వౌట్ 1869 ఆగస్టు 24న పొయ్యి మీద వాడే వాఫుల్ పెనానికి పేటెంటు పొందారు. నన్ను అమితంగా ఆకర్షించేది మాత్రం ఆ పలకల మీది గళ్లే. అవి అలంకారం కోసం పెట్టినవని చాలామంది అనుకుంటారు కానీ, వాఫుల్‌లో అసలు పని చేసేవి అవే.

ఆ పనిని అర్థం చేసుకోవడానికి వరంగల్, కరీంనగర్ ఇళ్లలో చేసే సర్వపిండి కంటే మంచి పోలిక నాకు తెలియదు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, ఉల్లిగడ్డ ముక్కలు, కారం కలిపి తడిపిన ముద్దను గిన్నె అడుగున పలుచగా ఒత్తి, చూపుడు వేలితో అక్కడక్కడా చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో కొన్ని చుక్కల నూనె వేసి మూత పెడతారు. ఆ చిల్లులు మూడు పనులు చేస్తాయి. పిండి మధ్యభాగానికి కొత్త అంచులు ఏర్పరుస్తాయి. నూనె అడుగుకు చేరేందుకు దారి ఇస్తాయి. కింద పుట్టిన ఆవిరికి పైకి వెళ్లే మార్గం చూపుతాయి. రెండో పని ఎంత ముఖ్యమో ఒక అంకె చెబుతుంది: గాలి ఉష్ణవాహకత, అంటే వేడిని దాటనిచ్చే గుణం, మీటరుకు, డిగ్రీకి సుమారు 0.026 వాట్లు కాగా వంటనూనెది దాదాపు 0.17 వాట్లు. అంటే పిండికీ లోహానికీ మధ్య ఉండే సన్నని ఖాళీల్లో గాలికి బదులు నూనె చేరితే అక్కడ వేడి ఆరు రెట్లు సులభంగా దాటుతుంది. చిల్లు చుట్టూ వలయంలా ఎర్రగా వేగిన అంచు రావడానికి కారణం ఇదే.

వాఫుల్ గడి కూడా ఒక చిల్లే, అయితే అది ఆరపార పోదు. పైనుంచి ఒకటి, కిందినుంచి ఒకటి ఎదురెదురుగా వచ్చి మధ్యలో పలుచని పొరను మిగిల్చి ఆగిపోతాయి. సర్వపిండికి వేడి ఒక్క అడుగు నుంచే అందుతుంది, పైన మూత ఉంటుంది కనుక ఆవిరి మూతకు తగిలి మళ్లీ నీరై పడుతుంది. అందుకే అడుగు కరకరలాడినా పైభాగం మెత్తగానే ఉంటుంది, ఆ వంటకానికి ఆ రెండూ ఉండడమే రుచి. వాఫుల్‌కు రెండు వైపులా కాలిన లోహం ఉంటుంది, ఆవిరి పలకల సందుల్లోంచి పక్కలకు తప్పించుకుంటుంది. అందుకే అది రెండు ముఖాలా ఎండుతుంది.

ఇక లెక్కకు వద్దాం. 15 మిల్లీమీటర్ల భుజం, 10 మిల్లీమీటర్ల లోతు ఉన్న చదరపు గుంట చుట్టూ 5 మిల్లీమీటర్ల మందం గోడ ఉందనుకుందాం. ఒక్కో గడికి 20 మిల్లీమీటర్ల భుజం గల చోటు, అంటే 400 చదరపు మిల్లీమీటర్లు పడుతుంది. గుంట లోపలి నాలుగు గోడలు మరో 600 చదరపు మిల్లీమీటర్లను కలుపుతాయి. ఒక వైపు ఉపరితలం 400 నుంచి 1000కి, అంటే రెండున్నర రెట్లకు పెరిగింది. దీనికంటే గొప్ప లాభం దూరంలో ఉంది. అంతే మందం, అంటే 25 మిల్లీమీటర్లున్న చదును రొట్టెలో నడిమధ్య భాగం వేడి పలకకు 12.5 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. వాఫుల్‌లో గోడలు కలిసే మూలల్లో కూడా ఆ దూరం 4 మిల్లీమీటర్లకు అటూ ఇటూగానే ఉంటుంది. పదార్థంలో వేడి ప్రయాణించేందుకు పట్టే కాలం దూరపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. తడిపిండి ఉష్ణవ్యాపన గుణకాన్ని (వేడి ఎంత త్వరగా లోపలికి పాకుతుందో చెప్పే అంకెను) నీటిదానితో సమానంగా, సెకనుకు 0.14 చదరపు మిల్లీమీటర్లుగా తీసుకుంటే, మొదటిదానికి పద్దెనిమిది నిమిషాలకు పైగా, రెండోదానికి రెండు నిమిషాలకు లోపు అని తేలుతుంది. ఇది స్థూలమైన అంచనాయే అయినా, వాఫుల్ మూడు నుంచి ఐదు నిమిషాల్లో కాలడానికీ, అంతే మందం గల రొట్టె అదే మంట మీద పైన మాడి లోపల పచ్చిగా మిగలడానికీ ఉన్న తేడాను ఇది చక్కగా వివరిస్తుంది.

ఇప్పుడు నీటి సంగతి. ఒక గ్రాము నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేయడానికి 70 కెలోరీలు చాలు. ఆ 100 డిగ్రీల నీటిని 100 డిగ్రీల ఆవిరిగా మార్చడానికి మాత్రం సుమారు 540 కెలోరీలు కావాలి. ఈ గుప్తోష్ణం విలువను బడిలో చాలామంది కంఠస్థం చేస్తారు, లెక్కలు చేస్తారు, పరీక్ష రాస్తారు. దాన్ని కంటితో చూపించే ఉపాధ్యాయులు తక్కువ. పెనం మీద తడిపిండి వేసి, అది ఎంతసేపటికి రంగు మారడం మొదలుపెడుతుందో గడియారంతో కొలిపిస్తే పిల్లలకు ఆ 540 జీవితాంతం గుర్తుంటుంది. పిండి ఉపరితలంలో తడి ఉన్నంతసేపూ అక్కడి ఉష్ణోగ్రత 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. పలక 190 డిగ్రీలున్నా సరే, వచ్చిన వేడినంతా నీరే తీసుకుపోతుంది. ఆ పొర ఎండిన తర్వాతే ఉష్ణోగ్రత 100 దాటి పైకి వెళుతుంది. 140 డిగ్రీల ప్రాంతంలో ప్రోటీన్లలోని అమైనో ఆమ్లాలకూ కొన్ని చక్కెరలకూ మధ్య జరిగే చర్య, 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ వివరించిన చర్య, వేగం పుంజుకుని బంగారు రంగునూ కమ్మటి వాసననూ ఇస్తుంది.

ఒక వాఫుల్‌కు 150 గ్రాముల పిండి పోశామనీ, అందులోంచి 25 గ్రాముల నీరు ఆవిరి కావాలనీ అనుకుందాం. పిండిని మరిగే స్థాయికి తేవడానికి దాదాపు 31 కిలోజౌళ్లు, ఆ 25 గ్రాములను ఆవిరి చేయడానికి 56 కిలోజౌళ్లు కావాలి. ఖర్చులో ఎక్కువ భాగం నీటిని వెళ్లగొట్టడానికే! ఆ ఆవిరి 42 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అరచేతి మందం కూడా లేని సందుల్లోంచి అదంతా బయటికి రావాలి. మెషీన్ సామర్థ్యం ఇక్కడే పరీక్షకు నిలుస్తుంది. తాపక తీగ ఇచ్చే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది కనుక, 230 వోల్టులకు బదులు 200 వోల్టులే వచ్చిన సాయంత్రం 900 వాట్ల మెషీన్ 680 వాట్లే ఇస్తుంది. ఊళ్లలో వోల్టేజీ పడిపోయే వేళల్లో వాఫుల్ పాలిపోయి, మెత్తగా వస్తే పిండిని నిందించనవసరం లేదు. మరో రెండు నిమిషాలు ఉంచితే చాలు.

వాఫుల్ కాలిందా లేదా అన్నది రంగును బట్టి కాకుండా ఆవిరిని బట్టి నిర్ణయించాలి. పిండి పోసి మూత వేసిన అర నిమిషానికి అంచుల్లోంచి తెల్లటి పొగలా వస్తుంది. అది కాసేపు ఉధృతంగా వచ్చి, పలుచబడి, ఆగిపోతుంది. దాదాపు ఆగిపోయిన తర్వాత ఇంకో అర నిమిషం ఆగి తీయాలి. ముందే మూత ఎత్తితే మధ్యభాగం ఇంకా గట్టిపడి ఉండదు, రెండు ముఖాలూ రెండు పలకలను పట్టుకుని వాఫుల్ మధ్యకు రెండు పొరలుగా చీలిపోతుంది. రంగు మోసం చేస్తుందనడానికి కారణం ఉంది: చక్కెర ఎక్కువైనా, వంటసోడా ఎక్కువైనా పైపొర తొందరగా ఎర్రబడుతుంది, ఎందుకంటే క్షార గుణం మయ్యార్ చర్యను వేగవంతం చేస్తుంది. నీరు బయటికి పోకముందే రంగు వచ్చేస్తే మనం తీసేస్తాం, లోపలి తడి నిమిషాల్లో పైపొరను తడుపుతుంది. ప్రశ్న అడిగిన అమ్మాయి వాఫుల్‌కు జరిగింది బహుశా ఇదే.

కొలతలు చెబుతాను. మైదా 150 గ్రాములు, మెత్తటి బియ్యప్పిండి 50 గ్రాములు, చక్కెర ఒక పెద్ద చెంచా, ఉప్పు అర చెంచా, వంటసోడా అర చెంచా, పుల్లటి చిక్కని మజ్జిగ 320 మిల్లీలీటర్లు, గుడ్లు రెండు, కరిగించిన నెయ్యి 75 గ్రాములు. బియ్యప్పిండిని ఇష్టపడి చేర్చాను. మైదాలోని ప్రోటీన్లు తడిసి, కలిపేకొద్దీ గ్లూటెన్ అనే సాగే వలగా అల్లుకుంటాయి. ఆ వల ఆవిరిని పట్టి ఉంచుతుంది, వాఫుల్‌ను రబ్బరులా చేస్తుంది. బియ్యంలో గ్లూటెన్ లేదు, కాబట్టి నాలుగోవంతు బియ్యప్పిండి వేస్తే వల బలహీనపడి పెళుసుదనం వస్తుంది. గిర్నీలో పట్టించిన పిండి కాస్త గరుకుగా ఉంటే మజ్జిగలో ముందే అరగంట నానబెట్టాలి, లేకపోతే పంటికి రవ్వలా తగులుతుంది. మజ్జిగలోని లాక్టిక్ ఆమ్లం సోడాతో కలిసి కార్బన్ డయాక్సైడును విడుదల చేస్తుంది. అర చెంచా సోడాకు ఆ మజ్జిగ పులుపు సరిపోతుంది, అంతకు మించి సోడా వేస్తే సబ్బు రుచి వస్తుంది. నెయ్యి మన వంటింటి అదృష్టం: వెన్నలో సుమారు 16 శాతం నీరు ఉంటుంది, నేతిలో దాదాపు ఉండదు. తీసేయాల్సిన నీటిని పోయకపోవడం తేలిక కదా.

గుడ్లలో పచ్చసొనను మజ్జిగలో, నేతిలో కలిపేయండి. తెల్లసొనను విడిగా, గిన్నె వంచినా జారనంత నురుగుగా గిలక్కొట్టి, చివరికి గరిటెతో మడతపెట్టినట్టు కలపండి. దీని వెనుక ఒక చక్కటి సూత్రం ఉంది. సోడా వాయువు గానీ ఆవిరి గానీ పిండిలో కొత్త బుడగలను సులభంగా పుట్టించలేవు. ముందే ఉన్న చిన్న గాలిబుడగల్లో చేరి వాటిని ఉబ్బిస్తాయి. నురుగులో లెక్కలేనన్ని సన్నని బుడగలు సిద్ధంగా ఉంటే ఆవిరి వాటన్నిటిలోకీ పంచుకుని, ఉబ్బి, ఒకదాంతో ఒకటి కలిసి బయటికి సన్నని దారులు చేసుకుంటుంది. కొద్దిపాటి ఉండలు మిగిలినా సరే, పొడి పిండి కనబడకుండా పోగానే కలపడం ఆపాలి. శ్రావణంలో, కార్తీకంలో గుడ్డు ముట్టని ఇళ్లవారు బియ్యప్పిండిని 70 గ్రాములకు పెంచి, మైదాను ఆ మేరకు తగ్గించి, రెండు చెంచాల శనగపిండి చేర్చుకోవచ్చు. శనగలోని ప్రోటీను వేడికి గడ్డకట్టి కొంత బలాన్నీ, మంచి రంగునూ ఇస్తుంది. గుడ్డు నురుగు ఇచ్చే తేలికదనం మాత్రం దీనికి రాదు.

మొదటి వాఫుల్ అతుక్కుపోతే దిష్టికి పోయిందని పక్కన పెట్టే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. మొదటిది చెడిపోవడానికి కచ్చితమైన కారణం ఉంది కాబట్టి దాన్ని తప్పించవచ్చు. మెషీన్ దీపం ఆరిందంటే ఉష్ణోగ్రతను కొలిచే ఒక్క బిందువు వేడెక్కిందని అర్థం. పలక అంచులు, గళ్ల కొసలు అప్పటికింకా వెనకబడి ఉంటాయి. చల్లటి పిండి పడగానే ఆ భాగాలు 100కు కిందికి జారిపోతాయి, పిండి ఎండకముందే లోహానికి అంటుకుంటుంది. దీపం ఆరిన తర్వాత ఐదు నిమిషాలు ఖాళీగా ఉంచి, గళ్ల కొసలకు కుంచెతో నూనె రాసి పోస్తే మొదటిది కూడా చక్కగా ఊడివస్తుంది.

మెషీన్‌లోంచి తీసిన క్షణంలో వాఫుల్‌ను చేత్తో పట్టి చూస్తే కొద్దిగా వంగుతుంది. ఒక నిమిషం గడిస్తే పెళుసవుతుంది. ఎండిన పిండి పదార్థం, చక్కెర వేడిలో సాగే స్థితిలో ఉండి, చల్లారేటప్పుడు గాజులాంటి స్థితిలోకి మారతాయి. ఐస్‌క్రీమ్ కోన్‌ను వేడిగా ఉన్నప్పుడే చుట్టడానికి వీలవుతున్నది ఈ గుణం వల్లే. ఆ గాజు స్థితికి నీరే శత్రువు: కొద్ది శాతం నీరు చేరినా మార్పు జరిగే ఉష్ణోగ్రత పడిపోయి, గది వేడికే అది మళ్లీ సాగే స్థితికి వస్తుంది. పళ్లెంలో పెట్టిన వాఫుల్ కింది నుంచి వచ్చే ఆవిరి పళ్లేనికి తగిలి నీరై దాన్నే తడుపుతుంది. ఒకదానిమీద ఒకటి పేర్చితే ఇంకా నష్టం. తీగల జాలీ మీద, కింద గాలి ఆడేలా, విడివిడిగా పెట్టాలి. తేనె, పానకం తినే వారి పళ్లెంలోనే, తినే క్షణంలోనే పోసుకోవాలి. జులై, ఆగస్టు ముసురు రోజుల్లో గాలిలోని తేమే పైపొరను మెత్తబరుస్తుంది కనుక, అప్పుడు జాలీ మీద కూడా ఎక్కువసేపు ఉంచకుండా వడ్డించేయడం మంచిది.

మెత్తబడిన వాఫుల్‌ను మళ్లీ కరకరలాడించవచ్చు, అందుకు పైపొరలోని నీటిని రెండోసారి వెళ్లగొట్టాలి. మైక్రోవేవ్ ఇందుకు పనికిరాదు. అది లోపలి నీటిని వేడి చేసి, చుట్టూ గాలి చల్లగా ఉండగానే, ఆ ఆవిరిని పైపొరలోకి నెడుతుంది. వాఫుల్ మెషీన్‌లోనే రెండు నిమిషాలు, లేదా మూత పెట్టని పెనం మీద సన్నటి మంటపై రెండు వైపులా కాల్చితే సరిపోతుంది. ఎక్కువ చేసి దాచుకోదలచినవారు వాఫుల్స్ పూర్తిగా చల్లారాక, ఆవిరి ఏమీ మిగలకుండా, గాలి చొరని సంచిలో కట్టి డీప్ ఫ్రీజర్‌లో ఉంచాలి; తినేటప్పుడు కరగనివ్వకుండా గడ్డకట్టినవాటినే నేరుగా వేడి పలకల మీద పెట్టాలి, ఎందుకంటే బయట ఉంచి కరగనిస్తే పైన పేరుకున్న మంచు నీరై పైపొరలోకే ఇంకుతుంది.