ఒకేసారి నాలుగు కుట్టుపనులు: అపోహలు - వాస్తవాలు

ప్రస్తుతం నా దగ్గర సగంలో ఉన్నవి ఇవి: ఒక అతుకుల బొంత, రెండు దిండు గలీబులు, అంచు హెమ్మింగ్ మిగిలిన పాప గౌను, జిప్పు కోసం కాచుకున్న ఒక సంచీ. చూసినవాళ్లంతా అనే మాట ఒకటే, "ముందు ఒకటి ముగించొచ్చు కదా!"

అపోహ: ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి ముట్టుకోవాలి.

వాస్తవం: గడువు పెట్టుకుని కుట్టేవాళ్లకి సరే. సరదాకి కుట్టుకునేవాళ్లకి ఆ నియమం ఎందుకు? బొంత ఒక్కటే అయినా అందులో పనులు చాలా. ముక్కలు కోయడానికి మంచి వెలుతురు, నిలబడే ఓపిక కావాలి. మూడు పొరలు పరిచి కచ్చాకుట్టు వేయాలంటే గది నేలంతా ఖాళీ చేయాలి. చివరి అంచు మాత్రం ఏ మూల కూర్చునైనా చేత్తో కుట్టుకోవచ్చు. రాత్రి కళ్లు లాగుతున్నప్పుడు కత్తెర పట్టుకుంటే పాడయ్యేది గుడ్డే. ఆ పూటకి గౌను హెమ్మింగ్ ఉంటే హాయి. అందుకే నేను ఎన్ని పనులున్నాయో లెక్కపెట్టను, ఏది ఏ దశలో ఉందో చూసుకుంటాను. నాలుగూ కోత దగ్గరే ఆగితే మాత్రం టెన్షన్ పడాల్సిందే.

అపోహ: పక్కన పెట్టింది పెట్టినట్టే ఉంటుంది.

వాస్తవం: ఉండదు. గుండుసూదులు నెలల తరబడి వదిలేస్తే తుప్పు మరకలు పడతాయి. గాలికి పోయే ఊదారంగు పెన్నుతో గీసిన గీతలు ఒకటి రెండు రోజుల్లోనే మాయమవుతాయి. నీళ్లకి పోయే నీలం గీత మీద పొరపాటున ఇస్త్రీ పెట్టారా, ఇక అది వదలకపోవచ్చు.

వీటన్నిటికన్నా నన్ను ఏడిపించింది కొలత. ఓ బొంతకి సగం వరుసలు అతికి, మధ్యలో కర్టెన్లు కుట్టి మళ్లీ దానిమీదికొచ్చాను. కర్టెన్ల కోసం మిషన్ ఫుట్ (సూది కింద గుడ్డని నొక్కిపట్టే భాగం) మార్చిన సంగతి గుర్తే లేదు. గుడ్డ అంచుకీ కుట్టుకీ మధ్య వదిలే మార్జిన్ 1/4 అంగుళం ఉండాల్సింది 5/16 పడుతోంది. అంటే ప్రతి అతుకులో రెండు ముక్కలూ కలిపి 1/8 అంగుళం ఎక్కువ లోపలికి పోతోంది. వరుసకి 9 ముక్కలు, 8 అతుకులు. పాత వరుస పక్కన పెట్టి చూస్తే కొత్తది సరిగ్గా అంగుళం పొట్టి! అలాంటివి ఐదు వరుసలు విప్పాను.

అప్పటినుంచి ప్రతి పనికీ ఓ సంచీ, అందులో ఓ చీటీ: ఏ ఫుట్, సూది నంబరు, కుట్టు పొడవు, తర్వాత అతకాల్సింది ఏది. చీటీతోపాటు అదే సెట్టింగులో అతికిన రెండు ముక్కల నమూనా కూడా పెడతాను. తిరిగి మొదలుపెట్టేముందు కొత్తగా ఒక అతుకు వేసి దాని పక్కన పెట్టి చూస్తే చాలు.

అపోహ: దారాలు, సూదులు మార్చుకోవడానికే టైమంతా సరిపోతుంది.

వాస్తవం: జీన్స్ గుడ్డకి 100/16 సూది, మామూలు నూలు గుడ్డకి 80/12 మార్చక తప్పదు. దారం సంగతి వేరు. లోపలి అతుకులకి లేత బూడిదరంగు దారం దాదాపు ఏ గుడ్డ మీదైనా కలిసిపోతుంది. కింది దారం చుట్టే బాబిన్లు నాలుగైదు ముందే చుట్టి పెట్టుకుంటే నడిమధ్యలో లేవక్కర్లేదు.

ఇంకో చిట్కా, నాకు భలే ఇష్టమైనది. కుట్టు మొదట్లో దారం చిక్కుపడకుండా ఓ పీలిక మీద మొదలుపెట్టి, చివర్లోనూ పీలిక మీదే ఆపుతాం కదా. ఆ పీలికకి బదులు ఇంకో బొంతకి కోసి ఉంచిన రెండు చదరాలు పెట్టండి. ఒక బొంత సాగుతుండగానే రెండోదానికి జతలు పోగవుతుంటాయి.

అపోహ: మొదలుపెట్టిందల్లా ముగించి తీరాలి.

వాస్తవం: అక్కర్లేదు. సగంలో ఆగినవాటిని బొంతలు కుట్టేవాళ్లు సరదాగా 'యూఎఫ్‌ఓ'లు (అన్‌ఫినిష్డ్ ఆబ్జెక్ట్స్, అంటే పూర్తికాని వస్తువులు) అంటారు. రంగులు ఇప్పుడు నచ్చట్లేదా, ఇంకెవరికైనా ఇచ్చేయండి, లేదా చిన్నవస్తువుగా మార్చేయండి. పైన చెప్పిన దిండు గలీబులు రెండూ ఒకప్పుడు బొంత కావాల్సినవే.